పిల్లని ఎక్కించు

పెళ్లికి ముందు ఆమె పట్నంలో కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. గింజంత స్క్రూలు బిగించడం, అద్దాలు తుడవడం, ఎదుటివాళ్ల ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందో లేదో చూడడం. అప్పుడప్పుడు దుకాణంవాళ్ల వ్యాను నడుపుకుంటూ వెళ్లి సరుకు ఇచ్చి రావడం. దుకాణంలో కుర్చీలో గంటలకు గంటలు కూర్చున్నా ఆమెకు విసుగనిపించలేదు. గుర్రాలు పెంచే ఇంటికి కోడలిగా వచ్చాక మాత్రం ఒకచోట కాలు నిలవడం మానేసింది. వంటింట్లో ఉంటే లాయంలో ఏదో మరిచిపోయినట్టుండేది. లాయంలో ఉంటే పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టుండేది.

"కాలుగాలిన పిల్లిలా ఏంటమ్మాయ్ ఆ తిరుగుడు? గుర్రాలు బెదురుతాయి," అనేది అత్తగారు.

గుర్రాల మాటేమో గానీ, అత్తగారి అడుగుల చప్పుడు వింటే ఆమె మాత్రం బెదిరేది.

ఆ ఇంట్లో మగదిక్కు ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆమె భర్త గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. సుత్తులు, ఆకురాళ్లు, చిన్న కొలిమి వ్యానులో వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఇంట్లో ఉన్న రోజు పండగే, కానీ ఆ రోజు కూడా నిద్రతోనే సరిపోయేది. మామగారు పోయి చాలాకాలమైంది. గుర్రాలను ఈనించడం, పెంచడం, స్వారీ నేర్పేవాళ్లకు అమ్మడం, అన్నీ అత్తగారి చేతి మీదుగానే నడిచేవి.

అత్తగారికి మాట పట్టింపు ఎక్కువ. మనుషుల దగ్గర ఎలా ఉన్నా, గుర్రాల విషయంలో ఒక మాట అటూ ఇటూ అయితే ఊరుకునేది కాదు. బొల్లి అనే నల్లగుర్రం ఈనిన వారంలోనే కోడలికి ఆ సంగతి తెలిసొచ్చింది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉండడంతో దాన్ని బొల్లి అనేవాళ్లు.

"అత్తయ్యా, ఆ గుర్రప్పిల్ల పొద్దుట్నుంచి నీళ్లు ముట్టలేదు," అంది కోడలు.

"ఏ పిల్ల?"

"అదే, చివరి గదిలో ఎర్రది."

అత్తగారు గడ్డి దులపడం ఆపేసింది. "రెండేళ్లు నిండాయి దానికి. దాన్ని పట్టుకుని పిల్ల అంటే, బొల్లి పొట్ట కింద దూరుతున్నదాన్ని ఏమంటావు?"

"పోనీ, పెయ్య అనాలా?" అంది కోడలు బిక్కమొహంతో.

అత్తగారు నవ్వు ఆపుకోలేకపోయింది. "పెయ్యేమిటే, పాలు పితుకుతావా దాన్ని? ఆవుల మాటలు ఆవుల దగ్గరే. విను. తల్లి పాలు తాగినన్నాళ్లే పిల్ల. పాలు మరిచాక మగదైతే కుర్రది, ఆడదైతే పడుచు. ఈనిందా, ఇక గోడిగ. ఎంత వయసొచ్చినా చేతికందేంత ఎత్తులోనే ఉండిపోతే తట్టు. గాడిదకీ గోడిగకీ పుడితే కంచర. బయట ఎవరేమనుకుంటారో నాకు అక్కర్లేదు. ఈ లాయంలో మాత్రం ఇవే మాటలు. ఒకదానికి పెట్టాల్సిన దాణా ఇంకోదానికి పెడితే కడుపునొప్పితో చచ్చేది అవి, మనం కాదు."

"మరి నన్నేమంటారు?" అంది కోడలు, వాతావరణం తేలికపడిందనుకుని.

"నిన్నా? ఇంకా కళ్లెం అలవాటు కానిది అంటాను," అంది అత్తగారు.

అది హాస్యమేనని కోడలికి తెలుసు. అయినా ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లింది. మర్నాటినుంచి మాటలన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడింది. ఎర్రది పడుచు, బొల్లి గోడిగ, బొల్లి కింద ఉన్న మగది పిల్ల. నెల తిరిగేసరికి ఎక్కడా తడబడకుండా చెప్పేది. అత్తగారు మెచ్చుకోలేదు గానీ, సరిదిద్దడం మానేసింది. ఆ ఇంట్లో మెచ్చుకోలు అంటే అదే.

ఎర్ర పడుచుకు బేరం కుదిరింది. పట్నం అవతల స్వారీ నేర్పే మేడం దాన్ని కొనుక్కుంది. గుర్రాలను ఎక్కించుకుపోయే బండి మర్నాడో ఆ మర్నాడో వస్తుందన్నారు. ఈలోగా అత్తగారికి దవడ పన్ను నొప్పి లేచింది. లవంగం నూనె రాసి చూసింది, వేడి గుడ్డ పెట్టి చూసింది, చివరికి పళ్ల డాక్టరు దగ్గరకు బస్సెక్కింది.

ఆవిడ అటు వెళ్లిన గంటకో రెండు గంటలకో ఫోను మోగింది. అత్తగారే. గొంతు ఎవరిదో అన్నట్టుంది. సగం నోరు మొద్దుబారి, మిగతా సగం నిండా దూది.

"బండి ఇవాలే వత్తోంది. పిల్లని ఎక్కింతు."

"ఏంటత్తయ్యా?"

"పిల్లని... పిల్లని ఎక్కింతు. దాక్తరు పిలుత్తున్నాడు." ఫోను పెట్టేసింది.

కోడలు లాయం వంక చూసింది. పిల్లనా? నెల దాటిందో లేదో. కానీ మొన్ననే కదా అత్తగారు బొల్లి పక్కటెముకలు తడిమి చూసి, "ఈసారి తొందరగా విడదీయాలి, పీల్చి పిప్పి చేస్తున్నాడు" అంది. అందుకేనేమో. మేడం పడుచుతో పాటు దీన్నీ అడిగిందా? లేక పడుచు బదులు దీన్నే తీసుకుంటోందా? తిరిగి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఈలోగా గేటు దగ్గర హారను.

బండి తోలే ఆయన్ని అందరూ మీసాలాయన అంటారు. చూపంతా రోడ్డు మీదే ఉన్న మనిషి.

"బాబాయ్, మేడం ఏది తెమ్మన్నారు?" అంది కోడలు.

"ఇక్కడో పిల్ల ఉంది, తీసుకురా అన్నారు తల్లీ. తొందరగా కానివ్వు, ఇటుకల బట్టీ దగ్గర ఇంకోదాన్ని ఎక్కించుకోవాలి."

ఆయన కూడా పిల్ల అనే అన్నాడు. ఇక ఆమె ఏమనుకుంటుంది? ముందు వారమే దాణా విషయంలో అత్తగారి మాటకు ఎదురు ప్రశ్న వేసి, "చెప్పింది చెయ్యడం ముందు నేర్చుకో" అనిపించుకుంది. పెదవి కొరుక్కుంది. లాయంలోకి వెళ్లింది.

మీసాలాయన పిల్ల ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి వేసి ఎత్తినంత పనిచేశాడు. ఆమె బొల్లిని గోడకు నొక్కి పట్టి, సందు దొరకగానే బయటికి జారుకుని గడియ వేసింది. పిల్లవాడు సన్నగా అరిచాడు. లోపలినుంచి బొల్లి సకిలింపు విని రేకుల మీద పావురాలు లేచిపోయాయి. మీసాలాయన ఒక క్షణం ఆగాడు. "ఇంత చంటివాణ్నా?" అన్నాడు. తర్వాత, నాకెందుకులే అన్నట్టు తల ఊపి, తలుపు మూసుకుని బండి తీశాడు.

ఆ తర్వాత ఆమెకు ఏ పనీ చేతికి రాలేదు. అంట్లు తోమబోయి మానేసింది. ఊడ్చిన చోటే ఊడ్చింది. లాయంలో బొల్లి తలుపును తన్నుతూనే ఉంది. ఒక తాపు, కాసేపు నిశ్శబ్దం, ఒక సకిలింపు, జవాబు కోసం చెవులు రిక్కించి నిలబడడం, మళ్లీ తాపు. ఆ నిశ్శబ్దమే ఆమె భరించలేకపోయింది. నీళ్లు పెట్టడానికి వెళితే బకెట్ తన్నేసింది. పొదుగు బిగిసి, చుక్కలు చుక్కలుగా పాలు వెనక కాళ్ల మీదికి కారుతున్నాయి.

ఎండ నడినెత్తికి వచ్చాక అత్తగారు బస్సు దిగింది. బుగ్గ బూరెలా పొంగి ఉంది. గేటు దగ్గరే ఆగిపోయింది.

"బొల్లికి ఏమైంది?"

"బెంగ పెట్టుకుందత్తయ్యా. పిల్లవాడు వెళ్లిపోయాడుగా."

అత్తగారు కోడలి వంక చూసింది. తర్వాత చివరి గది వంక చూసింది. ఎర్ర పడుచు తలుపు మీంచి తల బయటపెట్టి, తాపీగా గడ్డి నములుతోంది.

ఆవిడ దాణా పెట్టె మీద కూలబడింది. నోట్లో దూది బయటికి తీసేసింది.

"పడుచుని ఎక్కించమన్నాను."

"పిల్లని అన్నారు."

"నోరు తిరగక అన్నాను. పడుచు అనడానికి పెదాలు కలవాలా వద్దా?"

"పిల్లకి కలవక్కర్లేదా?" అంది కోడలు. అనేశాక ఆమెకే భయమేసింది. కానీ ఆగలేదు. "పాలు తాగినన్నాళ్లే పిల్ల అని మీరే చెప్పారు. రెండేళ్లదాన్ని పిల్ల అన్నానని నవ్వారు. ఇప్పుడు మీరు పిల్ల అంటే నేను ఏది అనుకోవాలి? అడుగుదామంటే ఫోను ఎత్తలేదు. ఎత్తినా, చెప్పింది చెయ్యమనేవారు."

లోపల బొల్లి మళ్లీ తన్నింది. తలుపు చెక్క ఒకటి చీలిన చప్పుడు వినిపించింది.

"జీపు తియ్యి," అంది ఆవిడ లేస్తూ. "వెనక గుర్రాన్ని ఎక్కించే పెట్టె తగిలించు. బొల్లిని కూడా తీసుకెళ్దాం. పిల్లవాణ్ని ఇక్కడికి తెచ్చేదాకా వాడు ఆగలేడు. పాలే వాడి దగ్గరికి పోవాలి."

బొల్లిని పెట్టె ఎక్కించడం మామూలు రోజుల్లో పెద్ద యుద్ధం. ఆ రోజు ఇద్దరూ పగ్గం సరిగా పట్టుకోకముందే అది ఎగిరి ఎక్కింది, బండి కదిలితే పిల్లవాడు దొరుకుతాడని ఎవరో చెవిలో చెప్పినట్టు.

అత్తగారికి జీపు నడపడం రాదు. ఇన్నేళ్లూ కొడుకో, పాలేరో, ఎవరో ఒకరు నడిపేవారు. ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని, రుమాలు నోటికి అడ్డంపెట్టుకుని, కాలితో లేని బ్రేకు తొక్కుతూ, లేని గేరు మారుస్తూ కూర్చుంది. మీసాలాయనకు ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. మేడం నంబరు కలిపి, రెండు మాటలు మాట్లాడేసరికి దవడ పట్టేసింది. ఫోను కోడలి చెవి దగ్గర పెట్టింది.

"మేడం, మా వల్ల పొరపాటు జరిగింది," అంది కోడలు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మీకు రావాల్సింది రెండేళ్ల ఎర్ర ఆడగుర్రం. బండిలో వస్తున్నది నెల దాటిన మగపిల్ల. ఇంకా పాలు తాగుతోంది. మీసాలాయన ఫోను చేస్తే ఎక్కడున్నాడో అక్కడే ఆపమని చెప్పండి."

అవతల మేడం కంగారుగా ఏదో అడిగింది.

"ఎర్రది ఇంట్లోనే క్షేమంగా ఉందండి. పిల్లవాడి సంగతే తెలియదు," అంది కోడలు.

వెనక బొల్లి అటు ఒరిగితే జీపు ఇటు లాగేది. తన్నితే సీటు అదిరేది. అత్తగారు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూ, "నిదానం, నిదానం" అనేది. కాసేపాగి తనే, "ఇంకొంచెం తొక్కకూడదూ?" అనేది. కోడలు రెండు మాటలకీ ఊ కొట్టి, తనకు తోచినట్టు నడిపింది. చేతులు చెమట పట్టి స్టీరింగ్ జారుతోంది. ఎదురుగా ఏ పెద్ద బండి కనిపించినా ఇద్దరూ ముందుకు వంగేవారు. దగ్గరికొస్తే అందులో ఇసకో, సిమెంటో, కూరగాయలో.

ఇటుకల బట్టీ దగ్గర మీసాలాయన లేడు. ఒక కంచరను ఎక్కించుకుని ఎప్పుడో వెళ్లిపోయాడని కాపలా మనిషి చెప్పాడు. "లోపల ఏదో చంటిది ఉందమ్మా, ఒకటే అరుపు. ఎక్కి చూస్తే ఆ కంచర పొట్ట కింద మూతి పెట్టి వెతుకుతోంది. కంచర మొండిఘటం, ఒక్క తాపు తన్నింది," అన్నాడు.

అత్తగారు జీపెక్కి తలుపు వేసుకుంది. జీపు కదిలాక, "ఎక్కడ తగిలిందో అడగలేదు," అంది. కోడలు యాక్సిలరేటరు మీద కాలు ఇంకాస్త నొక్కింది.

నది మీది వంతెన దాటాక, పెట్రోలు బంకు పక్కన టీ కొట్టు దగ్గర ఆ బండి ఆగి ఉంది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల కంచర కట్టేసి ఉంది. పిల్లవాడు చెట్టు నీడన తడి గోనెసంచుల మీద పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు. మీసాలాయన గొంతుక్కూర్చుని, గిన్నెలో నీళ్లు చేత్తో వాడి మూతికి రాస్తున్నాడు.

"ఫోను కోటు జేబులో, కోటు సీటు వెనక. ఇప్పుడే మేడం మాట్లాడింది," అన్నాడు లేచి నిలబడి. "అరుపులు ఆగిపోయాయి తల్లీ. అరిచినంతసేపూ నడిపాను. ఆగిపోయేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. దించేశాను."

అత్తగారు పిల్లవాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పక్కటెముకలు, కాళ్లు, కడుపు వరసగా తడిమింది. తొడ మీద డెక్క అచ్చు వాచి ఉంది. ఎముక విరగలేదు. చిగుళ్లు ఎండిపోయి ఉన్నాయి. "బొల్లిని దించు," అంది.

పెట్టె తలుపు తీసేసరికి బొల్లి నురగలు కక్కుతూ వెనక్కి దిగింది. కోడలు పగ్గం పట్టుకుని పిల్లవాడి దగ్గరికి నడిపించింది. బొల్లి మెడ చాచి వాసన చూసింది. అంతే, చెవులు వెనక్కి వాల్చి, పళ్లు బయటపెట్టి, వాడి మెడ మీదికి కొరకబోయింది. కోడలు శక్తికొద్దీ లాగింది. పగ్గం రాసుకుని అరచేతులు కోసుకుపోయాయి.

"ఏంటది? తన పిల్లేగా," అన్నాడు మీసాలాయన.

అత్తగారు వంగి పిల్లవాడి వీపు వాసన చూసింది. "బండిలో ఏం పోసి కడిగావు?"

"ఫినాయిలు. రోజూ పోసేదే."

"ఒళ్లంతా అందులోనే దొర్లాడు. ఇది తన పిల్లని దానికెలా తెలుస్తుంది? నీళ్లు పట్టుకురా."

టీ కొట్టువాడు డ్రమ్ములో నీళ్లు బకెట్లతో తెచ్చాడు. అత్తగారు పైట బిగించి, పిల్లవాణ్ని తల నుంచి తోక దాకా కడిగింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "బొల్లి పాలు పితుకు. ఆ గ్లాసులోకి. అవి వీడి ఒంటికి రాయాలి."

"నేనా?"

"నా దగ్గర అది ఎప్పుడూ తన్నుతుంది. నువ్వైతే నిలబడుతుంది. రోజూ దాని చుట్టూ తిరిగే మనిషివి నువ్వే."

కోడలు టీ గ్లాసు తీసుకుని, బొల్లి పొట్టకు భుజం ఆనించి కూర్చుంది. పొదుగు రాయిలా ఉంది. ముట్టుకోగానే బొల్లి ఒళ్లంతా వణికింది. కాలు ఎత్తింది. కోడలు పొదుగు వదల్లేదు. ఆ కాలు గాల్లో కాసేపు ఆగి, నెమ్మదిగా కిందికి దిగింది. సగం గ్లాసు నిండేసరికి బొల్లి పెద్దగా నిట్టూర్చింది. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అత్తగారు ఆ పాలు పిల్లవాడి నుదుటికీ, మెడకీ, తోక మొదట్లోనూ రాసింది. మిగిలిన నాలుగు చుక్కలు వేలితో వాడి నాలుకకు రాసింది. వాడు వేలు చప్పరించాడు. మీసాలాయన ఛాతీ కింద, అత్తగారు వెనక పట్టుకుని లేపారు. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారాయి. మళ్లీ లేపారు. బొల్లి మళ్లీ వంగి వాసన చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. నుదుటి దగ్గర, మెడ దగ్గర, మళ్లీ నుదుటి దగ్గర. గొంతులో ఏదో చిన్నగా గురగురలాడింది. నాలుకతో వాడి చెవి నాకింది.

వాడు పొట్ట కిందికి తల దూర్చి చన్ను పట్టుకున్నాడు. గుటక వేసిన చప్పుడు అందరికీ వినిపించింది. టీ కొట్టువాడు ఎవరూ అడగకుండానే అందరికీ టీ పోశాడు. అత్తగారు బుగ్గ పట్టుకుని, వేడి తగలకూడదని డాక్టరు చెప్పినా, తాగేసింది.

తిరుగు దారిలో జీపు నత్తలా నడిచింది. వెనకనుంచి చప్పుడేమీ లేదు. చప్పుడు లేనందుకు కోడలు మధ్యలో మూడుసార్లు ఆపి దిగి చూసొచ్చింది.

"నాకు ఇక్కడ ఊపిరాడట్లేదు అత్తయ్యా," అంది ఎక్కడో దారి మధ్యలో, ముందు రోడ్డు వంకే చూస్తూ. "ఏది చేసినా తప్పేమోనని భయం. దుకాణంలో ఇప్పటికీ నా చోటు ఖాళీగానే ఉందట. వారంలో కొన్ని రోజులైనా వెళ్లొస్తాను."

ఊరి పొలిమేరలో అత్తగారి ఫోను మోగింది. కొడుకు. మేడం ద్వారా అతనికి విషయం తెలిసిపోయింది. గొంతు బయటికే వినిపిస్తోంది. "ఆ మాత్రం తెలీదా తనకి? పాలు తాగేదాన్ని ఎవరైనా ఎక్కిస్తారా?"

"తనకి తెలుసురా," అంది అత్తగారు. "నేను పడుచు అనలేదు, పిల్ల అన్నాను. చెప్పింది చెప్పినట్టు చేసింది. ఇంకోసారి తనని ఏమైనా అంటే నువ్వు ఇంటికి రానక్కర్లేదు." పెట్టేసింది. నొప్పి పెరిగినట్టుంది, కళ్లు మూసుకుంది.

ఎర్ర పడుచును తర్వాత రెండు రోజులకు పంపించారు. పిల్లవాడు వారం రోజులు కుంటుతూ తిరిగాడు, ఆ తర్వాత మామూలైపోయాడు. బొల్లి మాత్రం చాలా రోజులు రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా పిల్లవాణ్ని గోడవైపు నెట్టి, తను అడ్డం నిలబడేది. దాన్ని వెనకవైపు గదికి మార్చాల్సి వచ్చింది.

కొడుకు వచ్చిన రోజు భోజనాల దగ్గర అత్తగారే మాట ఎత్తింది. "అమ్మాయి సోమవారం నుంచి దుకాణానికి వెళ్తుంది. వారంలో సగం అక్కడ, సగం ఇక్కడ." అతను నోట్లో ముద్ద మింగకుండా ఇద్దరి వంకా చూశాడు. "అయితే ఒకటి," అంది ఆవిడ కోడలి వైపు తిరిగి, "వెళ్లేలోగా నాకు జీపు నేర్పి వెళ్లు. ఆ రోజు నువ్వు లేకపోతే నేనేం చేసేదాన్ని అని ఆలోచిస్తే నిద్ర పట్టడం లేదు."

ఆదివారం పొద్దున లాయం వెనక ఖాళీ స్థలంలో పాఠం మొదలైంది. అత్తగారు స్టీరింగ్‌ను పగ్గాల్లా లాగి పట్టుకుంది. "వదులుగా పట్టుకోండి," అంది కోడలు. "ముందు క్లచ్చి. ఎడమ కాలు." జీపు ఎగిరి దూకి ఆగిపోయింది. మళ్లీ తీస్తే ఈసారి కంచెదాకా పోయి ఆగింది. కంచె అవతల బొల్లి తల ఎత్తి చూసింది.

"ఇదేం జాతే? చెప్పింది ఒక్కటీ వినదు," అంది అత్తగారు చెమట తుడుచుకుంటూ.

"తాళం తిప్పండి," అంది కోడలు. "ఈసారి కాలు నెమ్మదిగా తియ్యండి."